రక్తం ప్రకారం మా వాడు బుద్ధిమంతుడు

మా వాడి రక్తంలో ఏ దోషమూ లేదని రిపోర్టు వచ్చిన సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం పెట్టలేదు. పక్కింటి వాళ్ళు తప్పు పట్టారు. పిల్లాడి ఒంట్లో ఏమీ లేదని తేలితే కొబ్బరికాయ కొట్టాల్సింది పోయి, కొంప మునిగినట్టు గుమ్మంలో కూర్చుందేమిటని అనుకున్నారు. వాళ్ళ పిల్లలెవరూ మేధోమకుటం ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదవటం లేదు. వాళ్ళకేం తెలుస్తుంది.

నేను మొదట్నుంచీ భయస్థురాలిని. పదో తరగతి దాకా చదివాను. ఆ చదువంతా పేపర్లో ఆరోగ్యం పేజీ చదివి భయపడటానికే పనికొచ్చింది. మా వాడు గీతేష్ దగ్గితే నాకు క్షయ గుర్తొస్తుంది, కాలు నొప్పంటే పోలియో గుర్తొస్తుంది, హాయిగా నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా ఆయన సూరిబాబు గారికి కాలవగట్టు మీద మోటార్ల వైండింగు షాపుంది. "మోటారు కాలే ముందు వాసనన్నా వస్తదే నాగవేణీ, నువ్వు వాసన కూడా రాకుండానే కాలిపోతావు" అంటారు.

గీతేష్‌ది నాలుగో తరగతి. కూర్చోమంటే కూర్చుంటాడు, కాకపోతే కుర్చీలో కాదు, కుర్చీ వీపు మీద. అన్నం తింటూ రెండు గదులూ తిరిగొస్తాడు. లెక్క సగం చేసి, మిగతా సగం కిటికీ అవతల వెతుక్కుంటాడు. కాకినాడలో పిల్లల డాక్టరమ్మ సువర్చల గారికి చూపించాం. ఆవిడ వాడితో చాలాసేపు మాట్లాడింది, మమ్మల్ని అడిగింది, బళ్ళో టీచరు చేత కూడా ప్రశ్నలకు జవాబులు రాయించి తెప్పించుకుంది. అన్నీ చూసి, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసా కుదురూ నిలవని తీరు అంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"భయపడే పని కాదమ్మా. పొగరు కాదు, పెంపకం లోపం కాదు. వాడి మెదడు తీరు అది. మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు బళ్ళో ముందు బెంచీ ఇవ్వమనండి. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు తిరగనివ్వమనండి. పరీక్షలో కాస్త ఎక్కువ టైము ఇవ్వమనండి" అని రాసిచ్చింది.

ఆ కాగితం పట్టుకెళ్తే ప్రిన్సిపాలు వింధ్యావళి మేడమ్ గారు చదివి, మడిచి, తిరిగి నా చేతిలోనే పెట్టారు. "పరిశీలించి తెలియజేస్తామండి" అన్నారు. ఆ పరిశీలన జరుగుతుండగానే మా స్కూలు కరస్పాండెంటు విశ్వమూర్తి గారు విశాఖపట్నంలో ఒక సదస్సుకు వెళ్ళారు.

ఆ సదస్సులో ఎవరో పెద్ద డాక్టరు తెర మీద బొమ్మలు వేసి, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల రక్తంలో వాపును తెలిపే పదార్థాలు కొన్ని, మిగతా పిల్లల కంటే కొంచెం ఎక్కువగా కనిపించాయని చెప్పారట. "అయితే" అని ఆయన అంటుండగా భోజనాలకు పిలిచారట. మా సారు లేచి వెళ్ళిపోయారు. పక్కనే ఉన్న వింధ్యావళి మేడమ్ గారు కూడా లేవాల్సొచ్చింది. ఆ "అయితే" తర్వాత ఏముందో మా స్కూల్లో ఎవరికీ తెలియదు.

మరుసటి వారం తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. విశ్వమూర్తి గారు మైకు సర్దుకున్నారు.

"మాతృమూర్తులారా, పితృదేవులారా. ఇంతకాలం విద్యార్థి చంచలత్వాన్ని మనం కళ్ళతో చూసి నిర్ధారించాం. కళ్ళు పక్షపాతం గలవి. తల్లి కళ్ళు మరీనూ. ఇకమీదట మన సంస్థ పిల్లవాణ్ణి చూడదు. రక్తాన్ని చూస్తుంది. సీఆర్పీ అనే పరీక్ష ద్వారా ప్రతి విద్యార్థి వాపు అంకెను నిర్ధారించి, తదనుగుణంగా క్రమశిక్షణను అమలుపరుస్తాం. ఈ జిల్లాలో ఇది ప్రప్రథమం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పక్కన కూర్చున్న కనకం వదిన నా చెవిలో, "వాపేంటి వదినా, ఎక్కడ వాపు?" అంది. వాళ్ళ అమ్మాయి శ్రీనిధి మా వాడి క్లాసే.

"లోపలట వదినా" అన్నాను.

"లోపల వాపుంటే పైకి అల్లరొస్తదా?"

"సారు చెప్పారుగా."

"ఆయ్, సారు చెప్పారంటే ఇంకేం" అని కనకం వదిన కూడా రెండు చప్పట్లు కొట్టింది.

పద్ధతి ఇదీ. అంకె ఆరు దాటితే పిల్లాడికి ఎర్ర బ్యాడ్జి. వాడు వైద్యరీత్యా చంచలుడు. వాణ్ణి కొట్టకూడదు, తిట్టకూడదు, ముందు బెంచీ ఇవ్వాలి, లేచి తిరగనివ్వాలి, పరీక్షలో ఎక్కువ టైము ఇవ్వాలి. డాక్టరమ్మ మా వాడికి రాసిచ్చినవన్నీ అందులో ఉన్నాయి. ఆరు లోపుంటే తెల్ల బ్యాడ్జి. వాడు రక్తరీత్యా ప్రశాంతుడు. ప్రశాంతుడై ఉండి కదిలాడంటే కావాలని కదిలినట్టు. కావాలని కదిలేవాడికి హెచ్చరిక, ఆ తర్వాత టీసీ.

రక్తం తీసే ముందు రోజంతా నాకు అన్నం దిగలేదు. రక్తం తీస్తే ఏం బయటపడుతుందోనని. బయటపడగల జబ్బులన్నీ తలుచుకున్నాను. కొన్నిటి పేర్లు సరిగ్గా పలకడం రాక, వాటికి ఇంకా ఎక్కువ భయపడ్డాను. రిపోర్టులో మా వాడి అంకె సున్నా పాయింటు నాలుగు. క్లాసు మొత్తమ్మీద అంత తక్కువ ఎవరికీ రాలేదు.

"గీతేష్ మన పాఠశాలలోకెల్లా ప్రశాంతమైన విద్యార్థి" అని వింధ్యావళి మేడమ్ గారు చదివి వినిపించారు. ఆ మాట అంటున్నప్పుడు వాడు ఆవిడ వెనక బల్ల మీదెక్కి ఫ్యాను రెక్కకు ఎంత దూరం ఉందో కొలుస్తున్నాడు.

క్లాసులోకెల్లా పెద్ద అంకె శ్రీనిధిది, ఇరవై రెండు. ఆ పిల్ల నోట్లో మాట బయటకు రాదు. తల ఎత్తమంటే కళ్ళెత్తుతుంది. దవడ పన్ను పుచ్చి చిగురు చీము పట్టి ఉంది, బుగ్గ బూరెలా ఉబ్బింది. ఆ పిల్లకు ఎర్ర బ్యాడ్జి పెట్టారు. గంట కొట్టినప్పుడల్లా లేచి క్లాసు చుట్టూ తిరగాలి.

"నేను కూర్చుంటాను టీచర్" అనేదట.

"కుదరదమ్మా. నీ రక్తం లేవమంటోంది. లే" అనేదట టీచరు.

ఆ పిల్ల బుగ్గ పట్టుకుని, గోడ పక్కనుంచి, ఏడుస్తూ తిరిగేది. మా వాడు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోవాలి. వాడూ ఏడ్చేవాడు. ఒకరోజు ఇద్దరూ బాత్రూముల దగ్గర బ్యాడ్జీలు మార్చుకున్నారు. ఆ ఒక్క పీరియడే ఆ క్లాసులో పాఠం జరిగింది. తర్వాత పట్టుబడ్డారు. రక్తమార్పిడి నేరం కింద ఇద్దరికీ హెచ్చరిక ఇచ్చారు. ఈసారి కదిలితే మా వాడికి టీసీయే.

చదువు సంవత్సరం మధ్యలో టీసీ ఇస్తే ఇంకే స్కూలు చేర్చుకుంటుంది. చేర్చుకోకపోతే వాడు రోడ్ల మీద పడతాడు. రోడ్ల మీద లారీలుంటాయి. నేను అంతదాకా ఆలోచించి, డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"ఆ పరిశోధనలు వందలమంది పిల్లల్ని కలిపి తీసే సగటు గురించమ్మా. అవీ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. దాన్ని పట్టుకుని ఒక్క పిల్లాడికి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. జలుబు చేసినా, పన్ను పుచ్చినా, సెగ్గడ్డ లేచినా ఆ అంకె పెరుగుతుంది. ఏడీహెచ్‌డీకి రక్తపరీక్షే లేదు" అంది ఆవిడ.

అదే మాట కరస్పాండెంటు గారికి చెప్పాలని వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. మా వాడు గదిలోకి వెళ్ళగానే గ్లోబు తిప్పాడు. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరిగే కుర్చీలో తనే తిరగడం మొదలుపెట్టాడు.

"అయ్యా, మా వాడు నిలవడండి. డాక్టరమ్మ గారు చూసి రాసిచ్చారండి" అన్నాను.

"అమ్మా, ఆవిడ చూసింది పిల్లవాణ్ణి. మేము చూసింది రక్తాన్ని. ఏది లోతైనది?"

"ఇప్పుడు కూడా చూడండయ్యా, ఎలా తిరుగుతున్నాడో."

విశ్వమూర్తి గారు చూడలేదు. రిపోర్టు చూశారు. "లేదమ్మా. ప్రస్తుతం వాడు నిశ్చలంగా ఉన్నాడు" అన్నారు. గ్లోబు జారి కిందపడి, ఆఫ్రికా వైపు సొట్టపోయింది. ఆ చప్పుడుకు ఆయన రిపోర్టు మడిచి, "సంస్థ కఠినమైనది కాదు. అర్ధసంవత్సర పరీక్షల ముందు పునఃపరీక్ష ఉంటుంది. అంకె ఆరు దాటించుకుని రండి. సకల సదుపాయాలూ కల్పిస్తాం" అన్నారు.

అంకె దాటించుకుని రమ్మంటే, పిల్లాడికి ఏదో ఒక జబ్బు వచ్చేలా చూసుకుని రమ్మని. నేను ఇంటికి నడుస్తూ ఉంటే అప్పుడు అర్థమైంది.

తల్లుల వాట్సాప్ గ్రూపులో అంతకుముందు హోంవర్కు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు వేరే చదువు మొదలైంది. ఒకావిడ పిల్లాడి చేత వారం నుంచి పళ్ళు తోమించలేదట. ఇంకొకావిడ తలంటి పోసి, తడిజుట్టుతో ఐసుఫ్రూటు తినిపిస్తోందట. ఒక పిల్లాడికి మోకాలు మీద సెగ్గడ్డ లేస్తే వాళ్ళమ్మ ఫోటో పెట్టింది. కింద అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. అందరికంటే మంచి ఉపాయం కనకం వదిన ఆడపడుచు కొడుకు దగ్గర దొరికింది. వాడికి చెవులు కుట్టిస్తే చీము పట్టిందట. అంకె పదకొండు వచ్చిందట.

మా వైపు మగపిల్లలక్కూడా చెవులు కుట్టించే ఆనవాయితీ ఉంది. చిన్నప్పుడే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టిస్తారు. మా వాడికి అప్పట్లో కుట్టించనివ్వలేదు. సూదితో ధనుర్వాతం వస్తుందని నేనే అడ్డం పడ్డాను. ఇప్పుడు నేనే మా అన్నయ్యకు కబురు పెట్టాను.

కంసాలి బ్రహ్మాజీ బాబాయి కొట్టు ముందు అరుగు మీదంతా మేధోమకుటం యూనిఫాంలే. పదేళ్ళ పిల్లలు మేనమామల ఒళ్ళో పట్టక జారిపోతున్నారు. ఇదివరకే చెవులు కుట్టినవాళ్ళు, పైన ఇంకో కన్నం వేయించుకోవడానికి వచ్చారు. బాబాయి బంగారు తీగ చివర చెక్కుతూ, "ఏంటమ్మా ఈ ఏడు? ముహూర్తం గట్టిదా?" అన్నాడు.

"స్కూల్లో అడిగారు బాబాయ్."

"చెవులు కుట్టించమనా?"

"అలాంటిదే." మా వాణ్ణి అన్నయ్య ఒళ్ళో కూర్చోబెట్టాను. అన్నయ్య వాణ్ణి బస్తాను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను కాస్త వంగి మెల్లగా అడిగాను. "బాబాయ్, ఆ తీగ కడిగారా?"

"మరిగే నీళ్ళలో వేసి తీశానమ్మా. నువ్వు భయపడతావని నాకు తెలుసుగా."

"కడక్కపోయినా పర్లేదు బాబాయ్."

బాబాయి చేతిలో తీగ ఆగిపోయింది. పెళ్ళిలో నా పుస్తెలు చేసింది ఆయనే. నా ముఖంలోకి చూసి, తీగను ఇంకోసారి నీళ్ళలో ముంచి తీశాడు.

గీతేష్ కెవ్వుమన్నాడు. తర్వాత, "అమ్మా, ఇప్పుడు నేను లేచి తిరగొచ్చా?" అని అడిగాడు. తిరగడానికి పర్మిషను చెవిలోంచి వస్తుందని వాడికి ఎవరో చెప్పారు.

చేయాల్సినదల్లా ఏమీ చేయకుండా ఉండటమే. మిగతా తల్లులందరూ అదే చేశారు. నేనూ అనుకున్నాను, ఈసారి పట్టించుకోకూడదని. మొదటి రోజు సాయంత్రం చూస్తే చెవి తమ్మె కొంచెం ఎర్రబడింది. సంతోషించాలి. నా చేయి పసుపు డబ్బా మీదికి వెళ్ళింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో తుడిచి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. మరునాడు కూడా అంతే. పొద్దున రాయకూడదనుకుని, మధ్యాహ్నం క్యారేజీతో పాటు పసుపు పట్టుకెళ్ళి స్కూలు గేటు దగ్గరే రాశాను.

మా ఆయన అది చూశారు. "నీకు కావాల్సింది వాపా, మానడమా?" అన్నారు.

"వాపేనండి."

"మరి రాస్తావేం?"

"రాయకపోతే ఏమన్నా అయితేనో?"

ఆయన నవ్వలేదు. టార్చి తెచ్చి, చెవి వెనక కూడా కాస్త రాయమని పట్టుకుని నిలబడ్డారు.

మా ఊళ్ళో అంత శుభ్రంగా మానిన చెవులు ఇంకెవరివీ లేవు. పునఃపరీక్షలో మా వాడి అంకె సున్నా పాయింటు ఐదు. మిగతా పిల్లల్లో సగం మంది చీము కారే చెవులతో ఎర్ర బ్యాడ్జీలు సంపాదించారు. ఒక తల్లి స్వీట్లు పంచింది. శ్రీనిధికి కనకం వదిన పన్ను పీకించింది కాబట్టి ఆ పిల్ల తెల్ల బ్యాడ్జిలోకి వచ్చి, ఆ రోజంతా కూర్చునే ఉంది. లంచ్ బెల్లు కొట్టినా లేవలేదట.

పునఃపరీక్ష రోజున విశ్వమూర్తి గారు విద్యార్థులకు ఆదర్శంగా ఉండాలని, స్టేజీ మీద, ఫోటోగ్రాఫరు ముందు, తన రక్తం కూడా ఇచ్చారు. అంతకు ముందు నుంచే ఆయన కుడికాలికి బూటు వేసుకోవడం మానేసి చెప్పులు తొడుక్కుంటున్నారు. బొటనవేలు దగ్గర గౌటు, కీలు వాచిపోయే జబ్బు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయన అంకె నలభై ఎనిమిది వచ్చింది.

మేధోమకుటం చరిత్రలో అంత అంకె ఎవరికీ రాలేదు. నిబంధన ప్రకారం ఆయన వైద్యరీత్యా చంచలుడు. ఏకాగ్రత అవసరమైన పనులేవీ ఆయనకు అప్పగించకూడదు. చెక్కుల మీద సంతకం అందులో ఒకటి. ఆఫీసులో తలుపులేసుకుని చాలాసేపు సమావేశమయ్యారు. నిబంధన తీసేస్తారని నేను ఆశపడ్డాను. తీసేయలేదు. మరునాడు పిల్లల్నీ తల్లుల్నీ మైదానంలో కూర్చోబెట్టి, విశ్వమూర్తి గారు ఎర్ర బ్యాడ్జి పెట్టుకుని స్టేజీ ఎక్కారు.

"విద్యార్థులారా. నిరంతర అధ్యయనంలో మన సంస్థ ఒక నూతన సత్యాన్ని ఆవిష్కరించింది. వాపు అంకె అనేది లోపం కాదు. అది అంతర్గత నాయకత్వ జ్వాల. ఇకపై ఎర్ర బ్యాడ్జి గలవారే క్లాసు లీడర్లు. ర్యాంకులు అంకె ప్రకారం నిర్ణయించబడతాయి."

అప్పటిదాకా మొదటి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల తల్లులు అప్పటికప్పుడు లేచి గేటు వైపు నడిచారు. బ్రహ్మాజీ బాబాయి కొట్టు ఎన్నింటిదాకా తీసి ఉంటుందని ఒకావిడ నన్నే అడిగింది.

ఇంతలో గంట కొట్టారు. ఎర్ర బ్యాడ్జి వాళ్ళు లేచి తిరగాలి. చీము చెవుల పిల్లలు లేచారు. విశ్వమూర్తి గారు కూడా మైకు దగ్గర నుంచి కదిలారు. ఒక అడుగు వేసి పెదవి కొరుక్కున్నారు. రెండో అడుగుకు స్తంభం పట్టుకున్నారు. టీచర్లందరూ తల వంచుకుని నేల చూస్తున్నారు. ఆయన తిరగడం నిబంధన.

నేను మా వాడి కోసం వరసల్లో వెతికాను. వాడి చోటు ఖాళీగా ఉంది.

వాడు స్టేజీ మీద ఉన్నాడు. వింధ్యావళి మేడమ్ గారి కుర్చీ ఈడ్చుకొచ్చి విశ్వమూర్తి గారి వెనక వేశాడు. ఆయన చేయి పట్టుకుని, "కూర్చోండి సార్. మీ కాలు వాచింది" అన్నాడు. మైకు ఆన్లోనే ఉంది. ఆ మాట కాలవ అవతలి దాకా వినబడింది.

విశ్వమూర్తి గారు కూర్చున్నారు. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఎంత సుఖం కనిపించిందో నేను చూశాను. తర్వాత పిల్లలు నవ్వారు.

మధ్యాహ్నానికల్లా టీసీ ఇచ్చారు. రక్తరీత్యా కారణం లేకుండా, సభ జరుగుతుండగా, స్టేజీ దాకా కదిలినందుకు. చేతికిస్తూ వింధ్యావళి మేడమ్ గారు, "కాండక్టు మాత్రం బాగానే రాయించానండి" అన్నారు. నిజంగానే రాయించారు. ప్రవర్తన అన్నచోట, అత్యంత ప్రశాంతం అని ఉంది.

మరునాడు మున్సిపల్ స్కూలుకు తీసుకెళ్ళాను. దారంతా భయమే. చేర్చుకోరు, చేర్చుకున్నా నేల మీద కూర్చోబెడతారు, నేల మీద జెర్రులుంటాయి. హెడ్మాస్టరు తాయారమ్మ గారు ఒక చేత్తో హాజరు పట్టీ చూస్తూ, ఇంకో చేత్తో టీసీ తీసుకున్నారు. ప్రవర్తన దగ్గరకు వచ్చేసరికి తలెత్తి చూశారు. మా వాడు అప్పటికే కిటికీ ఊచల మీద సగం దూరం ఎక్కాడు.

"ఏమ్మా, ఈ పిల్లాడు కుదురుగా ఉండడా?"

"ఉండడండి" అన్నాను. డాక్టరమ్మ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. తర్వాత భయం వేసి, సంచిలోంచి రెండో కాగితం కూడా తీశాను. "రక్తం రిపోర్టు కూడా ఉందండి. అందులో మాత్రం ఏమీ లేదండి."

"రక్తమెందుకూ. ఎదురుగా కనబడతానే ఉన్నాడుగా" అన్నారావిడ. డాక్టరమ్మ కాగితం చివరిదాకా చదివారు. "ముందు బెంచీ, గుమ్మం పక్కన. లేస్తే వరండాలో ఒక చుట్టు తిరిగొస్తాడు. ఒరే అబ్బాయ్, దిగు. ఆ ఊచ వదులుగా ఉంది."

నేను అక్కడే, ఆ బల్ల ముందు, ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు తెప్పించారు. ఆ నీళ్ళు కాచినవో కావోనని ఒక్క క్షణం ఆగి, తాగేశాను.

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాను. గీతేష్ కొత్త బడి కబుర్లు చెబుతూ దాని చుట్టూ తిరుగుతున్నాడు. చొక్కా అంటుకుంటుందేమోనని దీపం తీసి అటక మీద పెట్టాను.